బండికి ఉండాల్సినంత వేడి

తమ్ముడు పోయాక వాడి మోటార్ సైకిల్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. పద్మనాభం ఊళ్ళో వాళ్ళింటి ముందు వానకు తడుస్తోందని మరదలితో అంటే సరేనంది. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరేననేది. కాబట్టి ఆమెను అడిగే తెచ్చుకున్నానని గట్టిగా చెప్పలేను.

మాది జాలరిపేట. ఇంటి పక్క సందులో బండి నిలబెట్టి, మందపాటి టార్పాలిన్ కప్పి, తాడుతో నాలుగు చుట్లు చుట్టి ముడేశాను. వాడు వదిలిన బండి వాడు వదిలినట్టే ఉండాలని నా ఆలోచన. పది నెలలు ఆ ముడి విప్పలేదు.

జనవరిలో మరదలు ఫోన్ చేసింది. తమ్ముడు స్టీల్ ప్లాంటులో ఉద్యోగంలో ఉండగానే పోయాడు. కుటుంబంలో ఒకరికి ఇచ్చే ఉద్యోగం ఆమెకు వచ్చింది. ట్రైనింగ్ ఉన్నన్నాళ్ళూ తొమ్మిదింటికి వెళ్ళేది, బస్సు సరిపోయేది.

"వదినా, సోమారం నుంచి నన్ను షిఫ్టుల్లో ఏస్తన్నారు. పొద్దున్న ఆరింటికి గేటు కాడ ఉండాలి. ఆ ఏళకి మా ఊరి నుంచి బస్సు లేదు. బండి కావాలి."

"మా ఇంట్లో ఉండకూడదా?" అన్నాను.

"మా అమ్మనెవలు సూత్తారు?"

ఆమె తల్లికి తుంటి విరిగి ఏడాదైంది, పట్టుకోకపోతే నడవలేదు. ఇక ఉద్యోగమా, ఇంకా పక్కా కాలేదు. మొదటి ఏడాది ఆలస్యాలన్నీ చూస్తారు. తమ్ముడి పేర జరిగే ఏడాది ప్రార్థన అయ్యేదాకా ఆగి, తరవాత బండి ఎక్కమని చర్చి సంఘంలో ఒకరిద్దరు పెద్దవాళ్ళు సలహా ఇచ్చారట. "షిఫ్టు ఆగదు కదండీ" అని చెప్పి వచ్చిందట. బండి నడపడం ఆమెకు కొత్త కాదు. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న బండి మీద పాలకేంద్రానికి పాలు మోసేది.

ఆ సాయంత్రం తాడు విప్పాను. పైపైన బండి బాగానే ఉంది. కింద నేల మీద మాత్రం పళ్ళెమంత నూనె మరక.

ట్రాలీ ఆటోలో ఎక్కించి పెందుర్తి తీసుకెళ్ళాను. తమ్ముడు ఎప్పుడూ అక్కడి మెకానిక్ దగ్గరికే వెళ్ళేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఆ వరసలో మరదలు అతనికి చెల్లెలైంది. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తానని తెలిసినప్పటి నుంచి నన్ను మాత్రం మేడం అంటాడు.

ఇంజన్ ముందు జాలీలాంటి భాగం ఒకటి ఉంటుంది. ఇంజన్లో కాగిన ఆయిల్ అందులోకొచ్చి, గాలికి చల్లబడి, మళ్ళీ లోపలికి పోతుంది. దాన్ని ఆయిల్ కూలర్ అంటారని ఆ రోజే తెలిసింది. దాని సన్నటి రేకుల మీద సున్నంలాంటి తెల్లటి పొడి పేరుకుంది. మెకానిక్ వేలితో నొక్కితే రెండు రేకులు రాలి కింద పడ్డాయి. నూనె కారింది కూడా దాన్నుంచే.

"ఏటి మేడం, బండికి దుప్పటి కప్పినారా?"

"టార్పాలిన్."

"సముద్రం పక్కన టార్పాలినా! ఆరుబయట వదిలేసినా బాగుండేది. వాన కడిగీసేది, ఎండ ఆరబెట్టీసేది. మీరు ఉప్పుగాలిని లోపలెట్టి కట్టీసినారు."

పది నెలలు జాగ్రత్త చేశాననుకుంటూ దాన్ని నేనే ఉప్పుగాలికి తినిపించాను.

శనివారం మరదలు కూడా వచ్చింది. మెకానిక్ బల్ల మీద రెండు కూలర్లు పెట్టి ఉంచాడు. ఒకటి కంపెనీది, బండితో వచ్చేలాంటిదే. పాఠ్యపుస్తకమంత ఉంది. రెండోది బయట మార్కెట్లో దొరికేది. దానికి రెండింతలు, నల్లగా, ఎర్ర గొట్టాలతో ఉంది.

"ఈ పెద్దది ఏసుకున్నారనుకోండి, ఇంక సూడక్కర్లేదు," అన్నాడు. "అరకు ఘాటీ ఎక్కే కుర్రోళ్ళందరూ ఇదే ఏయిస్తన్నారు. ఇంజను ఐసే."

"పెద్దదే వెయ్యండి," అన్నాను వెంటనే. నా మనసులో ఉన్నది ఒక్కటే. ఇంకా తెల్లవారని వేళ, ఒకవైపే దాదాపు యాభై కిలోమీటర్లు, లారీల మధ్య, ఆమె ఒక్కతే. నేను పాడుచేసిన బండి మీద. ఏది పెద్దదైతే అది.

మరదలు ఆ నల్లదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. గొట్టాలు బిగించే చోట కన్ను పెట్టి చూసింది.

"దీనికి వాల్వుందా అన్నా?"

"వాల్వేటి సెల్లెమ్మా?"

"ఆయిల్ సల్లగా ఉన్నప్పుడు కూలర్లోకి పోనివ్వకుండా ఆపేది."

"అలాటిది లేదు. అయినా ఎప్పుడూ సల్లగా ఉంటే మంచిదే కదా."

"మంచిది కాదు," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నన్నేసింది ఆయిల్ సెల్లార్లో. ఉక్కు సాగదీసే మిల్లు కింద పెద్ద గది, గేర్లకి పోయే ఆయిలంతా అక్కడి నుంచే పంపుతారు. అక్కడ కూలర్లు మనిషెత్తుంటాయి. ఈ సలికాలం పొద్దున్నే మా మొదటి పని ఏటో తెలుసా? కూలరుకి నీళ్ళు తగ్గించడం. ఆయిల్ మరీ సల్లబడితే సిక్కబడిపోద్ది, పంపు లాగలేక మూలుగుద్ది. వేడి ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. ఉండాల్సినంత ఉండాలి."

మెకానిక్ తల గోక్కున్నాడు. "అది మిల్లు, ఇది బండి."

"ఆయిల్ ఆయిలే కదా. నాను నాలుగున్నరకి బయలెల్తాను. మా ఊళ్ళో అప్పుడు మంచు ఎలాగుంటాదో తెలుసా? ఇంత కూలరు ముందెట్టుకుని పోతే ఇంజను ఎప్పటికి కాగుద్ది? కాగకపోతే లోపల పట్టిన సెమ్మ పోదు."

"మరి మేలో ఏటి సేస్తావ్? రెండింటికి షిఫ్టు దిగి రోడ్డు మీద సూడు, పెనమే."

"ఆ ఎండలోనే తిరగమని కంపెనీవోళ్ళు ఈ చిన్నది పెట్టినారు కదా. ఇంకోటి. దీన్ని బిగించాలంటే కొత్తగా పట్టీలు కొట్టాలి, గొట్టాలు పొడుగు సెయ్యాలి. అంటే రెండు జాయింట్లు ఎక్కువ. జాయింటెక్కువైతే లీకెక్కువని మా ఇన్‌ఛార్జి రోజూ అదే పాట."

"బావ ఇన్నేళ్ళొచ్చినాడు, ఒక్క ప్రశ్న ఏసినాడా?"

"ఆయన నీ టీ కోసమొచ్చేవోడు. బండి వంక."

మెకానిక్ గట్టిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తమ్ముడి మాటెత్తి, వాడు పోయాక నవ్వడం అదే మొదలు. నవ్వాక, తప్పు చేసినట్టేమీ అనిపించలేదు.

అయినా పట్టు వదల్లేదు. "దారిలో ఆగిపోతే ఏం చేస్తావు? పెద్దదైతే ఆ బెంగ ఉండదు కదా."

"ఎవరికి వదినా?"

ఆమె నల్లదాన్ని బల్ల మీద పెట్టేసింది. "చిన్నదే ఏయన్నా. రేకులు నాను వారానికోసారి మెత్తటి బ్రష్షుతో తుడుసుకుంటాను."

అప్పటిదాకా ఆమెను నా తమ్ముడి భార్యగానే చూశాను. పది నెలలుగా ఏమి అడిగినా, తిన్నావా, పడుకున్నావా అని అడిగానే గాని, పనెలా ఉందని ఒక్కసారీ అడగలేదు. వాడి ఉద్యోగంలో ఆమెను కూర్చోబెట్టారని అనుకున్నాను. నిజానికి వాడు చేసింది స్టోర్సులో. ఆయిల్ సెల్లార్ వాడికి తెలియదు. అది ఆమె సొంతంగా నేర్చుకున్న పని.

సోమవారం తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసింది. ఆరు దాటినా ఫోన్ రాలేదు. ఏడయింది. పదకొండింటికి నేనే చేశాను. వెనక మిషన్ల హోరు.

"చేరావా?"

"అయిదుమ్ముప్పావుకే గేటు కాడున్నాను. వదినా, తరవాత మాట్లాడతాను, ఫిల్టరు మారుస్తన్నాం."

చలికాలం గడిచింది. ఏడాది ప్రార్థనకు ఆమె షిఫ్టు ముగించుకుని ప్లాంటు నుంచి నేరుగా ఆ బండి మీదే వచ్చింది. సలహా చెప్పిన పెద్దాయనే లేచి, గేటు తీసి, బండి లోపలికి పెట్టించాడు.

మేలో ఒకరోజు ఎండ నలభై దాటింది. నేను లైబ్రరీలో కూర్చుని గడియారం చూస్తూ గడిపాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. వారం తరవాత పద్మనాభం వెళ్ళినప్పుడు, నేను కూర తరుగుతుంటే, మాటల్లో మాటగా ఆమే చెప్పింది. ఆ ఎండ రోజే ఆనందపురం కూడలిలో లారీలు ఆగిపోయి అరగంట కదల్లేదట. ఇంజను వేడి కాళ్ళకు తగులుతుంటే, తనే బండి ఆపి, పక్కకు తోసి, నీడన పెట్టి, చెరుకురసం తాగి, పావుగంట కూర్చుని, మళ్ళీ స్టార్ట్ చేసుకుని ఇంటికొచ్చిందట.

కత్తిపీట పక్కన పెట్టి అడిగాను. "మరి నాకు ఫోన్ చెయ్యలేదేం?"

"సేస్తే ఏటి సేస్తావు వదినా? జాలరిపేట నుంచి వచ్చి ఇసనకర్రతో ఇసుర్తావా?"

లోపలి గదిలోంచి ఆమె తల్లి నవ్వు వినిపించింది.