బాబాయి ఓడకి ఫ్లెక్సీ తెరచాపలు

మా బాబాయి పోయాడని చిలకలూరిపేట నుంచి ఫోనొచ్చింది. తీరిగ్గా కూర్చుని ఏడవాల్సింది పోయి, పెద్దకర్మ నాటి నుంచీ ఒళ్లు మండిపోతూ ఉంది. ఎందుకో చెబుతాను వినండి.

బాబాయి స్పిన్నింగు మిల్లులో ఫిట్టరు. రిటైరయ్యాక వరండాలో కూర్చుని తెరచాప ఓడ నమూనా ఒకటి కట్టడం మొదలెట్టాడు. పాత టేకు తలుపు చీల్చి సన్నటి బద్దలు తీసేవాడు. వాటిని వేణ్ణీళ్లలో నానబెట్టి, ఓడ పక్కల మీద మెల్లగా వంచేవాడు. నేను గట్టిగా వంచబోతే, "ఒరేయ్, కర్రని బతిమాలాలిరా, బెదిరించకూడదు" అనేవాడు. ఓపిక అనే మాటకి అర్థం నాకు ఆ వరండాలోనే తెలిసింది. మోకులకి మిల్లు నూలే, మైనం పట్టించి పేనింది. ప్లాస్టిక్ దారం తెస్తానంటే మొహం చిట్లించి, "దాంతో గేదెని కట్టుకో" అన్నాడు. ఇక తెరచాపలే మిగిలాయి. మంగళగిరి నేత గుడ్డ కొని, ఉతికి, గంజి పెట్టి ఆరేసుకున్నాడు. కత్తిరించకముందే పోయాడు.

పిన్ని ఆ ఓడని ఒక్కనాడూ మెచ్చుకోలేదు. "ఇల్లంతా రంపంపొట్టే, అన్నంలో కూడా" అని గొణిగేది.

పెద్దకర్మ రోజు షామియానా కింద అడుగు పెట్టానో లేదో, ఎదురుగా ఓడ కనబడింది. బాబాయి అల్లుడు ఓడకి మూడు ఫ్లెక్సీ తెరచాపలు కట్టించాడు. మూడింటి మీదా బాబాయి మొహమే. కింద 'అశ్రునివాళి' అని అక్షరాలు, పక్కన దణ్ణం పెడుతూ అల్లుడి ఫొటో. ఫ్లెక్సీకి అడ్డమొచ్చిన మోకులన్నీ కోసేశారు. చుట్టూ రంగురంగుల సీరియల్ లైట్లు. ఛీ! వచ్చినవాళ్లు గారెలు నములుతూ దాని ముందు సెల్ఫీలు దిగుతున్నారు.

"ఎలా ఉంది బావా? దగ్గరుండి చేయించా" అన్నాడు అల్లుడు.

"పోయిన మనిషికి చేతులు కూడా నరికినట్టుంది" అన్నాను.

ఇంతలో పిన్ని లోపల్నుంచి వచ్చింది. కత్తెరతో ఫ్లెక్సీలు మూడూ కత్తిరించి అల్లుడి చేతిలో పెట్టింది. తెగిన మోకులు ఏరుకుని ఓడ పక్కనే నేలమీద చతికిలబడింది.

"పిన్నీ, ఆ ముడులు బాబాయికి తప్ప ఎవరికీ రావు. వదిలెయ్" అన్నాను.

"ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ముడులన్నీ నేనేగా వేసింది" అంది పిన్ని. "ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. షామియానా నిండా జనం చూస్తుండగా, పిన్ని నూలుని ఓడ స్తంభం చుట్టూ తిప్పి, ముడి వేసి, రెండో కొసని పళ్లతో బిగించి లాగింది.