దుబాయి మొగుణ్ని చంపే కథ

శంకరమ్మ బీడీలు చుట్టడంలో అంత చురుకైన మనిషేమీ కాదు. ఆర్మూర్‌లో ఆ గల్లీ ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. కానీ ఆమె గొంతు విప్పి నవల చదివిందంటే పక్కవాళ్ల చేతులు వాటంతటవే ఆడతాయి. అందుకే వాళ్లలో వాళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ ఆమె అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఆమె చదువుతుంది. ఆమె వంతు బీడీలు తలా కొన్ని చుట్టి పెడతారు. ఏడో తరగతితో ఆగిన చదువుకు ఇంతకన్నా మంచి కొలువు ఎవరిస్తారు చెప్పండి!

ఈసారి నవల ఆమె చెల్లెలి కూతురు వర్షిత తెచ్చిచ్చింది. సునంద అనే ఆవిడ వరసగా మొగుళ్లను చంపే కథ. ఎంత ముచ్చటగా చంపుతుందంటే, వినేవాళ్లకు ఏడవాలో నవ్వాలో తెలియదు. మొదటివాడు డాబా మీద డిష్ సరిచేయబోయి నిచ్చెన మీంచి పడ్డాడు. నిచ్చెన పట్టుకుని నిలబడ్డది ఆవిడే. రెండోవాడి దినాల నాడు, కన్నీళ్లు తుడుచుకుంటూనే, పాయసంలో జీడిపప్పు ఏదని వంటవాడితో తగవు వేసుకుంది. మూడోవాడు ఓడలో ఇంజనీరు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న గల్లీలో ఓడ సంగతి ఎవరికి కావాలి? శంకరమ్మ వాణ్ని దుబాయి నుంచి వచ్చినవాడిగా మార్చేసింది. ఊళ్లూ కొలువులూ అలా మార్చి చదవడం ఆమెకు అలవాటే. దుబాయి అనేసరికి అరుగంతా చెవులు రిక్కించింది.

సరిగ్గా ఆ వారమే ఆమె భర్త భూమన్న దుబాయి నుంచి వచ్చేశాడు. ఇక మళ్లీ పోనన్నాడు.

సంతోషమే, ఎవరు కాదన్నారు? ఇన్నేళ్లూ ఫోన్లో కనబడ్డ మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే ఆమెకు కడుపు నిండిపోయింది. కానీ లోపల ఒకటే గుబులు. ఇంటాయన మధ్యాహ్నం పూట లోపలి గదిలోనే పడుకుంటాడాయె, ఈ కథ విని చదువు మానేయమంటే? ఆ చదువు పోతే రోజంతా తనకు మిగిలేది తునికాకూ తంబాకూనే. పోనీ మూడోవాణ్ని మళ్లీ ఓడెక్కిద్దామంటే అరుగు ఊరుకోదు. గొంతు తగ్గించి చదివి చూసింది.

"జర గట్టిగ సదువక్కా, ఇనవడ్తలే," అంది వెంకవ్వ. లోపల మంచం కిర్రుమంది.

ఆ సాయంత్రం భూమన్న ఆమె ఇచ్చిన చాయ్ ముట్టలేదు. లేచి తనే పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, నా చాయ్‌ల ఏమున్నది?"

"ఏం లేదు. చక్కెర తగ్గిద్దామని," అంటూనే తన చాయ్‌లో చెంచా మీద చెంచా వేసుకున్నాడు. శంకరమ్మ వంటింట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు ఆయన, "గా పుస్తకం ఎన్నడైపోతది?" అని అడిగేసరికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

చివరి అధ్యాయం రానే వచ్చింది. మూడో మొగుడు విషం కలిపిన పాలు తాగి, ఇంత రుచిగా ఎన్నడూ చేయలేదని పెళ్లాన్ని మెచ్చుకుని మరీ చస్తాడు. శంకరమ్మ ఆ పేజీ మీదికి కళ్లు పోనిచ్చింది. భూమన్న పడుకున్న గది తలుపు తీసే ఉంది. చావనివ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. "ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. సునందకు బుద్ధొచ్చింది. ఇద్దరూ హాయిగా కాపురం చేసుకున్నారు," అని గబగబా చదివి పుస్తకం మూసేసింది.

చేతులన్నీ ఆగిపోయాయి.

"గదేందే?" అంది అందరిలోకీ పెద్దదైన లక్ష్మవ్వ. "గిన్ని దినాలు మాతోని చుట్టిచ్చుకొని గిట్లనా ముగిచ్చేది? రేపటిసంది నీ బీడీలు నువ్వే చుట్టుకో!"

శంకరమ్మ వాళ్ల చాటల వైపు చూసింది. ఇంటాయన మాన్పిస్తాడని భయపడితే, చదువు ఇటునుంచి పోయేలా ఉంది.

"అబద్ధం సదివింది," అన్న మాట లోపలినుంచి వచ్చింది. వెనకే భూమన్న వచ్చాడు. "వాడు సస్తడు. పొద్దుగాల గీమె బీడీలిచ్చొస్తానికి కార్ఖానకు పోయినప్పుడు ఆగలేక ఆఖరు దాంక సదివిన. దుబాయోడు కూడ కాదు, ఓడల ఇంజనీరు."

అందరూ శంకరమ్మ వైపు తిరిగారు. ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అంత సదివినోనివి మల్లెందుకొచ్చినవయ్యా?" అంది మొగుడితో.

"నేను సదువుకుంటె మజా రాలే. నువ్వు సదువుతుంటెనే ఇనబుద్దయితది," అన్నాడు భూమన్న గడప మీద చతికిలబడుతూ. "ఓడోడు ఒద్దు. దుబాయోన్నే సంపు. సక్కగ సంపు."

శంకరమ్మ పేజీ వెనక్కి తిప్పి, గొంతు సవరించుకుని, గల్లీ చివరిదాకా వినబడేలా దుబాయి మొగుణ్ని చంపింది. అందరికన్నా గట్టిగా నవ్వింది భూమన్నే.