పేర్లన్నీ అయ్యేదాకా

సినిమా అయిపోయి తెరమీద పేర్లు పడడం మొదలవగానే నూటికి తొంభైమంది లేచి వెళ్ళిపోతారు. మిగిలిన పదిమంది కదలరు. ఆ పదిమంది మీద నాకు ఇరవై రెండేళ్ళుగా కోపం. పొడుగు చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, కంప్యూటర్లలో బొమ్మలు గీసిన ఆరువందలమంది పేర్లూ చదువుతూ ఉంటాను. అన్నీ అయ్యాక చివర్న ఒక అర నిమిషం ముక్క వస్తుంది. కొత్త ముసుగువాడెవడో నీడలోంచి బయటికి వచ్చి ఒక మాట అంటాడు. దాని కోసం పన్నెండు నిమిషాలు కూర్చుంటారు వీళ్ళు. తర్వాతి ఆటకి హాలు ఊడవడానికి నాకు మిగిలేది తొమ్మిది నిమిషాలు.

పేర్లకి ముందే వచ్చి నిలబడతాను కాబట్టి, అమెరికాలో ఉత్తరాన ఉన్న ఈ డులూత్ ఊళ్ళో సూపర్‌హీరో కథల చివరి పది నిమిషాలు నాకంటే ఎక్కువసార్లు చూసినవాళ్ళు లేరు. ముందు రెండున్నర గంటలూ ఏం జరిగిందో మాత్రం నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆ పదిమందిలో ఎప్పుడూ ఉండే మనిషి వెండెల్ లాహ్టీ. అరవై ఒక్క ఏళ్ళు. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, నలభై శీతాకాలాలుగా. కుర్రాళ్ళు ఆ హీరోల్లా భుజాన దుప్పట్లు కట్టుకుని, మొహాలకి రంగులు పూసుకుని వస్తే, ఈయన కౌంటీవాళ్ళిచ్చిన నారింజరంగు కోటుతోనే వస్తాడు. ఏడో వరసలో నడవ పక్కన రెండు సీట్లు. ఒకటి ఆయనకి, ఇంకొకటి క్లైడ్ నొవాక్‌కి. క్లైడ్ ఓడల్లోకి ఇనుపరాయి ఎత్తే రేవులో పనిచేసి రిటైరైనవాడు. మనిషి లావు, గొంతు పెద్దది. పాప్‌కార్న్‌లో వెన్న ఎక్కువ వెయ్యమని, వేస్తే ఎక్కువైందని, రెండూ ఒకే నోటితో అనేవాడు.

వీళ్ళిద్దరి స్నేహం టీవీ దగ్గర మొదలైంది. ఇరవై ఏళ్ళ వయసులో ‘ఏడో రేవు’ అని ఒక అంతరిక్షనౌక సీరియల్ వచ్చేది, శుక్రవారం శుక్రవారం. మంచు పడితే శుక్రవారమైనా వెండెల్ రోడ్డు మీదే ఉండాలి. క్లైడ్ దగ్గర టేపు మీద రికార్డు చేసే పెట్టె ఉండేది. ఆయన రికార్డు చేసిపెడితే ఈయన ఆదివారం చూసేవాడు. మూడో ఏడాది సీరియల్ ఆఖరి భాగం అయిన మర్నాడు పొద్దున్నే పెట్రోలు బంకులో ఇద్దరూ ఎదురుపడ్డారు. క్లైడ్ ఆపుకోలేక నోరు జారాడు.

“కెప్టెన్ చచ్చిపోయిందిరా.”

వెండెల్ చేతిలో కాఫీ అక్కడే గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నవంబరులో వెళ్ళినవాడు జూలై దాకా మాట్లాడలేదు. ఎనిమిది నెలలు. చివరికి క్లైడే టేపుల డబ్బా ఒకటి పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడి, ఏమీ అనకుండా నోటికి అడ్డంగా వేలు పెట్టుకుని చూపించాడట. ఆ రోజు నుంచి వాళ్ళ మధ్య ఒక్కటే కట్టుబాటు. ఒకడు చూడనిది ఇంకొకడు చెప్పకూడదు. ఆరు నూరైనా చెప్పకూడదు. ముప్పై ఏళ్ళ పైగా ఇద్దరూ ఆ మాట తప్పలేదు. పెళ్ళినాటి ప్రమాణాలు అంతకాలం నిలబెట్టుకోనివాళ్ళని నేను చాలామందిని చూశాను. నా మాజీ మొగుడు వాళ్ళలో ఒకడు.

తర్వాత ‘బూడిద కొంగ’ సినిమాలు వచ్చాయి. బూడిదరంగు రెక్కలున్న మనిషి. మొదటి సినిమాలో నది ఒడ్డున తల్లిని వదిలి బయల్దేరతాడు, సాయంత్రానికి వచ్చేస్తానని. పదకొండేళ్ళయింది, తొమ్మిది సినిమాలయ్యాయి, అయినా ఇల్లు చేరలేదు. మధ్యలో లోకాన్ని ఎన్నిసార్లు కాపాడాడో నేను లెక్కపెట్టలేదు.

నాలుగేళ్ళ కిందట ఒకసారి కౌంటర్ దగ్గర వెండెల్ కోటు జేబులోంచి ఫ్లాస్కు తీస్తూ పట్టుబడ్డాడు. బయటి కాఫీ తేకూడదని నేనెప్పుడూ అంటాను, ఆయనెప్పుడూ తెస్తాడు. ఆ రోజు దాచే ఓపిక కూడా లేనట్టు గట్టు మీద పెట్టేశాడు.

“అలిసిపోయాను డోరిన్. ఈ ఒక్క సినిమా అర్థం కావాలంటే ముందు మూడు సీరియళ్ళు చూడాలట. ఒకటి పది భాగాలు, ఒకటి ఎనిమిది. మూడోది నాకు గుర్తే లేదు. డ్యూటీ దిగి ఇంటికెళ్ళి, హోంవర్కు చేసినట్టు చూస్తున్నాను.”

“మానెయ్. ఎవరు కొడతారు?”

“ఇదివరకు ఒకడు చచ్చిపోతే వారం రోజులు అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఎవడు చచ్చినా నాకేం అనిపించట్లేదు. కొంగ మూడుసార్లు చచ్చాడు. వాడి దోస్తు రెండుసార్లు. వేరే లోకంలోంచి ఇంకో వాణ్ణి పట్టుకొచ్చి నించోబెడతారు. ఏడవడానికి కూడా నమ్మకం ఉండాలి కదా.”

“అందుకే మానెయ్యమంటున్నా.”

“క్లైడ్‌గాడు చూస్తున్నాడుగా. వాణ్ణి ఒక్కణ్ణీ ఎలా వదిలేస్తాను?”

నెల తిరక్కుండా అదే కౌంటర్ దగ్గర క్లైడ్ నా వైపు వంగి, తనకి రహస్యమనిపించిన గొంతుతో, లాబీ అంతా వినపడేలా అన్నాడు.

“నీకు చెప్తున్నా, వాడికి చెప్పకు. నాకు ఈ రెక్కలగోల విసుగొచ్చేసింది. వాడు చిన్నబుచ్చుకుంటాడని వస్తున్నా.”

నేను ఎవరిదీ ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే రెండు టిక్కెట్లు తగ్గేవి, అదొకటి. ఇంకోటి, ఇద్దరు ముసలాళ్ళు ఒకరి కోసం ఒకరు విసుగుని ఓర్చుకుంటూ పక్కపక్కన కూర్చోవడం నాకు బాగుండేది. పేర్లు పడుతున్నంతసేపూ క్లైడ్ కునుకు తీసేవాడు. చివరి ముక్క రాగానే వెండెల్ మోచేత్తో పొడిచేవాడు. క్లైడ్ ఉలిక్కిపడి లేచి “కొత్తవాడెవడ్రా?” అనేవాడు. “చూస్తే తెలుస్తుంది” అనేవాడు వెండెల్.

ఈ ఫిబ్రవరిలో క్లైడ్ ఊపిరితిత్తులు పూర్తిగా మొరాయించాయి. రేవు దుమ్ము కొంత, సిగరెట్లు కొంత. ఆసుపత్రివాళ్ళు మూడు వారాలుంచుకుని ఇంటికి పంపేశారు. మంచమూ, ఆక్సిజన్ సిలిండరూ, రోజూ వచ్చే నర్సూ, అన్నీ ఇంటికే వచ్చాయి. అలా పంపారంటే ఏమిటో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. కూతురు మార్సీ సెలవు పెట్టి వచ్చి తండ్రి దగ్గర ఉంది.

మార్చి రెండో గురువారం బూడిద కొంగ ఆఖరి సినిమా విడుదలైంది. ఆఖరిదని వాళ్ళే చెప్పుకున్నారు. మూడు గంటల పది నిమిషాలు. సాయంత్రం ఆరింటి ఆటకి వెండెల్ ఒక్కడే వచ్చాడు. పక్క సీటుకి కూడా టిక్కెట్టు కొని దాని మీద కోటు పెట్టాడు. నేను పొడుగు చీపురు పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి కొంగ మబ్బుల్లోంచి దిగుతున్నాడు. చివరి పది నిమిషాలు ఎప్పటిలాగే చూశాను. పేర్లన్నీ అయ్యేదాకా వెండెల్ కూర్చున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి తిన్నగా క్లైడ్ ఇంటికి వెళ్ళాడు. అక్కడ జరిగింది తర్వాత ఆయనే నాకు చెప్పాడు. క్లైడ్ దిండు మీద ఆనుకుని, ముక్కులో గొట్టాలతో, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ అడిగాడట.

“చూశావా?”

“చూశా.”

“ఇంటికెళ్ళాడా?”

“ఒరేయ్.”

“మిగతాదంతా నాకొద్దురా. ఆ మెరుపులూ పేలుళ్ళూ వాళ్ళనే ఉంచుకోమను. ఇంటికెళ్ళాడా లేదా, అదొక్కటి చెప్పు.”

“చూస్తే తెలుస్తుంది” అన్నాడు వెండెల్. “సోమవారం నిన్ను హాలుకి తీసుకెళ్తున్నా. డోరిన్‌తో మాట్లాడతా. చక్రాల కుర్చీ పట్టే దారి ఉంది అక్కడ.”

క్లైడ్ నోటికి అడ్డంగా వేలు పెట్టుకుని నవ్వాడట. నవ్వితే దగ్గు వచ్చింది. నర్సు వచ్చి వెండెల్‌ని బయటికి పంపించింది.

అక్కణ్ణించి వెండెల్ నా దగ్గరికి వచ్చాడు. సోమవారం పది గంటలకి, హాలు తెరవకముందు, ఒక్క క్లైడ్ కోసం ఆట వెయ్యమన్నాడు. వేస్తానన్నాను, హాలు తాళాలూ ఆట వేసే యంత్రమూ నా చేతిలోనే ఉంటాయి. పైవాళ్ళని అడగలేదు. అడిగితే వద్దంటారు.

శనివారం మార్సీ ఫోను చేసింది. ఏ తలుపు దగ్గర బండి ఆపాలో కనుక్కుని, “నాన్న మాట్లాడతాడట” అని ఫోను తండ్రికిచ్చింది. ఆ పెద్ద గొంతు చిక్కి సగమైపోయింది.

“డోరిన్, నువ్వు చివర్లన్నీ చూస్తావుగా.”

“నా ఖర్మ.”

“ఇంటికెళ్ళాడా?”

నాకు తెలుసు. అప్పటికి ఆరుసార్లు చూశాను. ఈ సినిమాల మీద గౌరవం లేనిదాన్ని, వీళ్ళ కట్టుబాట్లని ఎగతాళి చేసేదాన్ని, ఆ ఒక్క మాట చెప్పెయ్యాల్సింది. కానీ అన్నేళ్ళు తలుపు దగ్గర నిలబడి నాకూ ఆ జబ్బు అంటుకుందేమో.

“చెప్పానంటే వెండెల్ నన్ను చంపేస్తాడు. సోమవారం చూసుకో” అన్నాను.

“సరేలే” అన్నాడు క్లైడ్. “వెన్న ఎక్కువెయ్యి.”

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి ఆయన పోయాడు.

సోమవారం ఆట ఉండదని నాకు తెలుసు. అయినా తొమ్మిదిన్నరకి వెళ్ళాను. ఏడో వరస దగ్గర చక్రాల కుర్చీ పట్టడానికి తీయించిన సీటు మళ్ళీ బిగించాలి కదా అనుకుంటూ వెళ్ళాను. బయట వెండెల్ పికప్ బండి ఉంది. అద్దాల మీద మంచు కూడా తుడవకుండా లోపలే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి దిగాడు.

“వేస్తావా?” అన్నాడు.

“వేస్తాను.”

పాప్‌కార్న్ యంత్రం పెట్టలేదు. ఆయన ఫ్లాస్కు తెచ్చాడు, నేనేమీ అనలేదు. ఏడో వరసలో తన సీట్లో కూర్చున్నాడు. పక్కన తీసేసిన సీటు చోటు ఖాళీగా ఉంది. నేను ఆ ఖాళీకి ఇవతల కూర్చున్నాను. ఉద్యోగంలో చేరాక ఒక సినిమా మొదటి నుంచి చూడడం నాకదే. రెండు గంటలు ఏమీ అర్థం కాలేదు. ఎవరో కొట్టుకున్నారు, ఏదో నగరం కూలింది. కూలిన నగరం మళ్ళీ లేచింది. వెండెల్ కూడా చూస్తున్నట్టు లేదు. ఒకచోట, తెరమీద చచ్చిపోయినవాడొకడు కళ్ళు తెరుస్తుంటే, నా వైపు తిరక్కుండానే మాట్లాడాడు.

“నాకు తెలుసు డోరిన్. ఆసుపత్రివాళ్ళు వాణ్ణి ఇంటికెందుకు పంపారో తెలుసు, నర్సు మొహం చూస్తే తెలుసు. వాడు శుక్రవారం అడిగితే, సోమవారం ఉందిగా అన్నాను. చెప్పడానికి నాకెంతసేపు పట్టేది?”

ఫ్లాస్కు మూత తీసి మళ్ళీ పెట్టాడు.

“అలవాటైపోయింది. ఎప్పుడూ ఇంకో భాగం ఉంటుందనుకోవడం.”

శనివారం క్లైడ్ నన్ను కూడా అడిగాడని అప్పుడు చెప్పాను. దాచడం తప్పనిపించింది. వెండెల్ తల ఊపాడు. కోపం చేసుకుంటాడనుకున్నాను. చేసుకుని ఉంటే నాకు తేలికయ్యేది.

చివరి పది నిమిషాలు వచ్చాయి. నాకు తెలిసిన చోటికి వచ్చాం. కొంగ ఇంకా మబ్బుల్లోనే ఉన్నాడు. వెండెల్ ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మెల్లిగా చెప్పడం మొదలుపెట్టాడు. తెరమీద జరగకముందే చెబుతున్నాడు.

“ఇప్పుడు నది కనిపిస్తుంది. ఇల్లు అక్కడే ఉంటుంది, రంగు వేరే. రెక్కలు విప్పి కంచె మీద పెట్టేస్తాడు. పెట్టి తలుపు కొడతాడు.”

తెరమీద నది కనిపించింది.

“తల్లి తలుపు తీస్తుంది. చాలా ముసలిదైపోయింది. వీణ్ణి గుర్తుపట్టదు. ఎవరు బాబూ అంటుంది. వీడు చెప్పడు. బయట చలిగా ఉంది, లోపలికి రా అంటుంది. సూపు పోసి పెడుతుంది. వీడు తాగుతాడు. అంతే. ఇంటికెళ్ళాడురా. వెళ్ళాడు.”

ఆ చెప్పేది నాకు కాదు. ఆయన చూస్తున్నది తెరని కాదు, మా ఇద్దరి మధ్య సీటు లేని ఆ చోటుని. చెప్పినవన్నీ ఒక్కొక్కటే తెరమీద జరిగాయి. తలుపు తెరుచుకుంది, ముసలావిడ సూపు పోసింది. అన్నిసార్లు చూసినప్పుడు చీపురు మీదే ధ్యాస ఉన్న నేను ఈసారి ఏడ్చాను. వెండెల్ ఏడవలేదు. కళ్ళు తుడుచుకోవడానికి తన చేతిరుమాలు నాకిచ్చాడు.

తెర నల్లబడింది. పేర్లు పడడం మొదలైంది.

వెండెల్ లేచాడు. ఫ్లాస్కు మూత బిగించి, కోటు వేసుకుని, టోపీ పెట్టుకున్నాడు. నడవలో నడుచుకుంటూ వెళ్ళి తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి పేర్లు అవకుండా లేవడం నేను చూడలేదు.

చీపురు గోడకి ఆనించే ఉంది. లేచి తీసుకోవచ్చు, హాలంతా నాదే. కూర్చున్నాను. పన్నెండు నిమిషాలూ కూర్చుని అందరి పేర్లూ చదివాను. అన్నీ అయ్యాక ఆకాశం చీల్చుకుని కొత్త ముసుగువాడొకడు వచ్చి, మళ్ళీ వస్తానన్నాడు. కొత్తవాడెవడని అడగడానికి పక్కన ఎవరూ లేరు.