మేనత్త పీకిన తుమ్మ మొక్క

మా మేనత్త ఉత్త చేతులతో చెరువు కట్ట దిగగా నేనెన్నడూ చూడలేదు. కట్ట మీద తుమ్మ మొక్క కనబడితే చాలు, వంగి వేరుతో సహా పీకేది. "వేరు మురిగితే బుంగ పడ్తది, బుంగ పడ్తె కట్ట తెగుతది. ఇగ ఊరంత ఏం తాగుతది?" అనేది.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది ఆమె పెళ్లయింది. చెన్నూరు వైపు అత్తవారింటికి సాగనంపుతుంటే కచ్చడం బండి కట్ట ఎక్కింది. అప్పటిదాకా వెక్కివెక్కి ఏడుస్తున్న మనిషి "జర ఆపుండ్రి!" అని కిందికి దూకింది. కొంగు నడుముకు చెక్కి ఒక మొక్కను పట్టి లాగింది. పెళ్లిపనుల్లో ఆమె కన్నుగప్పి బాగా పెరిగినట్టుంది, అది రాలేదు.

అపశకునమని పెళ్లివారు గొణిగారు. పెళ్లికొడుకు తల్లి బండి దిగింది. తిట్టడానికే దిగిందనుకున్నాం.

ఆమె వచ్చి కోడలి నడుము పట్టుకుని, "గట్టిగ గుంజు బిడ్డా!" అంది. మొక్క ఊడింది, అత్తాకోడళ్లిద్దరూ వెల్లకిలా పడ్డారు.

"మా ఊరి కట్ట మీదైతె గివి అడివి లెక్కనే ఉన్నయి," అంది పెద్దామె మన్ను దులుపుకుంటూ.

మేనత్త కళ్లు తుడుచుకుని బండెక్కింది.

"అయితె జల్ది తోలుండ్రి!"