నాన్న చేతి కందెన

ఇవాళ ఓటేసి వచ్చాను. వేలి మీద సిరా నల్లగా మెరుస్తుంటే అందరూ మురిసిపోతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

నా చిన్నప్పుడు, తెల్లదొరల రోజులు. నాన్న గురజాలలో బాడుగబండి తోలేవాడు. శాసనసభకు నిలబడ్డ పెద్దాయన ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చి, "తమ్ముడూ, నువ్వే నన్ను గెలిపించాల" అని నాన్న భుజం మీద చెయ్యేశాడు. ఆ ఒక్క మాటకే నాన్న నెల్లాళ్లు బాడుగ లేకుండా ఆయన్ని ఊరూరా తిప్పాడు.

ఓట్ల రోజున నన్నూ బండెక్కించుకున్నాడు. రైతులను తెచ్చి ఓట్లేసే చోట దించి, వాళ్ల వెనకే తనూ లోపలికి నడిచాడు. బంట్రోతు అడ్డం వచ్చాడు.

"నీకేడుందిరా ఓటు? భూమి శిస్తు కట్టేవోళ్లకే."

పక్కనే ఉన్న పెద్దాయన తల తిప్పుకున్నాడు.

నాన్న చేతులకు ఇరుసు కందెన అంటుకుని ఉంది. ఆ మురికి చూసే ఆపారనుకున్నాను. బండి కింద వేలాడే కుండలోంచి నీళ్లు తెచ్చి, నా పరికిణీతో ఆ చేతులు రుద్దాను.

"ఇంక లోపలికి పో నాన్నా."

నాన్న చేతులు వెనక్కి లాక్కున్నాడు. "ఊరుకోవే. ఇది కడిగితే పోయేది కాదు."

నేనంటే చిన్నపిల్లను, నాకేం తెలుసు? ఆ పెద్దాయనకు తెలుసు. నాన్నకు ఓటు లేదని తెలిసే, తమ్ముడూ అన్నాడు.