బోర్లా పరిచిన పేర్లు

'తర్లుపాడు దగ్గర వందేళ్ల చారిత్రక గృహం అమ్మబడును. మరమ్మతులు అవసరం.' తమ్ముడు సాగర్ ఫోనులో పెట్టిన ప్రకటనను కోడలు స్టెల్లా చదివి వినిపించగానే ఎలీషబాకు ఒళ్లు మండిపోయింది.

చారిత్రకమట! పోయిన వానాకాలం మిద్దె కారుతోంది, బాగుచేయించమని కాళ్లావేళ్లా పడితే ఇదే తమ్ముడు, "ఆ పాడుకొంప మీద ఖర్చు పెట్టేదేంది అక్కా?" అని కసిరాడు. అమ్మకానికి పెట్టేసరికి పాడుకొంపకు చరిత్ర మొలుచుకొచ్చింది. ఇల్లు వాడి పేరునే ఉంది, అమ్మొద్దనే హక్కు ఆమెకు లేదు. కానీ ఆ ఇంటి సంగతి వాడికి పట్టిందెప్పుడు?

అరవై ఏళ్లుగా కూలిపనుల్లో నలిగిన మనిషి ఎలీషబా. ఆమె తాత సామ్యేలు పలకల గనిలో రాళ్లు కొట్టి కట్టుకున్న ఇల్లది. పల్లెలో చర్చి లేని రోజుల్లో అక్కడి పెద్దగదిలోనే అందరూ ప్రార్థనకు చేరేవాళ్లు. ఎవరింట బిడ్డ పుట్టినా తండ్రి గని నుంచి ఒక పలక తెచ్చి, మేకుతో బిడ్డ పేరు గీకి, ఆ మట్టినేల మీద పరిచేవాడు. పేరున్న వైపు కిందికి. దేవుడికిచ్చిన దాని మీద మన పేరు పైకి కనబడకూడదని సామ్యేలు పట్టుదల. చర్చి కట్టాక కూడా ఆ ఆనవాయితీ కొన్నాళ్లు సాగింది. ఇప్పటికీ ప్రతి శనివారం ఆ గది ఊడ్చి తుడిచేది ఎలీషబానే.

గురువారం సాగర్ బేరగాణ్ని తీసుకొచ్చాడు. పెద్దదోర్నాల రోడ్డులో హోటల్ నడిపే హరికృష్ణ. ఆయన గోడలవైపు చూడనైనా లేదు. బూటుకాలితో నేలను తట్టి, "ఇల్లు ఎట్లాగూ కూలగొట్టేదే. ఈ పలకలు మాత్రం విరక్కుండా కావాల. మా బాత్రూముల్లోకి బాగుంటాయి" అన్నాడు.

బాత్రూముల్లోకి! ఎలీషబాకు కళ్లు ఎర్రబడ్డాయి.

"సాగరూ, ఇల్లు నీదే. ఈ నేల నీదెట్లయిందిరా?"

"ఇంట్లో నేల ఇంటోళ్లది కాకుంటే ఎవురిది అక్కా?"

ఆ ఆనవాయితీ వాడూ చిన్నప్పుడు విన్నదే. తాత చాదస్తమని వదిలేశాడు. ఎలీషబా మూలనున్న గడ్డపార తీసుకుని ఒక పలకను లేపి తిరగేసింది. మట్టి తుడిస్తే 'మేరీ' అని కనబడింది.

"ఎదురింటి మేరీని అడిగినావా నువ్వు?" అని వీధిలోకి వెళ్లి గొంతెత్తింది. "మీ పేర్లను హోటలోళ్ల బాత్రూముల్లో పరుస్తారంట! ఎవురి పలక వాళ్లు తీసుకపోండి!"

మేరీ వచ్చింది, కృపావరం వచ్చాడు, చచ్చిపోయిన వాళ్ల పలకల కోసం వాళ్ల బిడ్డలు వచ్చారు. సాగర్ పోలీసులను పిలుస్తానని చిందులు తొక్కాడు. ఎవరూ వినలేదు. పలకలు లేని ఇల్లు తనకెందుకని హరికృష్ణ కారెక్కి వెళ్లిపోయాడు.

పొద్దువాలేసరికి నేలంతా మట్టి తేలింది. గడప పక్కన ఒక్క పలకే మిగిలింది. దాన్ని పరిచిన రోజు ఎలీషబాకు బాగా గుర్తు. అప్పుడు నాయనకు మేకు అందించింది తనే. పలకను తీసి, తుడిచి, పేరున్న వైపు పైకి పెట్టి తమ్ముడి చేతుల్లో ఉంచింది.

"నువ్వు పుట్టినప్పుడు నాయన పరిచినాడు. ఇదొక్కటే నీది. అమ్ముకో."