ఒంటిచేత్తో తెరుచుకునే చాకు

ఈ ఎడారి దేశంలో, అమ్ఘరా అనే చోటున్న మా గోడౌన్‌కి వచ్చే టైల్సు పెట్టెలు చెక్క బల్లల మీద పేర్చి, ప్లాస్టిక్ పట్టీలతో బిగించి, పైన పల్చటి కవరు చుట్టి వస్తాయి. పట్టీ కోస్తేగాని పెట్టె కదలదు. పదకొండేళ్లు నా పని అదే: కోయడం, విప్పడం, పగిలినవి పక్కన పెట్టడం. రోజుకి ఇరవై బల్లలు, ఒక్కోరోజు ముప్పై. జేబులో చాకు లేనివాడికి లోపల పని లేదు.

మొదట్లో కంపెనీ వాళ్లే కట్టర్లు ఇచ్చేవారు. బ్లేడు ముందుకి జరిపి, మొద్దుబారిన మొన విరిచి పారేసే రకం. అలా విరిచిన ముక్క ఒకటి పెట్టెలో పడి, కొనుక్కున్నవాళ్లెవరికో చెయ్యి తెగింది. ఆ తర్వాత కట్టర్లు తీసేసి, ఎవరి మడత చాకు వాళ్లు తెచ్చుకోమన్నారు. మా ఫోర్‌మన్ ఈజిప్టు ఆయన, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. అందరం ఆయన్ని ముదీర్, అంటే మేనేజర్ గారూ అని పిలుస్తాం. ఆయన ఒక రూలు పెట్టాడు. కోసేటప్పుడే చాకు తెరవాలి, అడుగు కదిపేముందు మూసి జేబులో పెట్టుకోవాలి. తెరిచిన చాకు కనబడితే ఆ మనిషి యార్డుకి పోతాడు.

యార్డంటే ఆరుబయలు. ఇనప కడ్డీలు, పైపులు, సిమెంటు బస్తాలు అక్కడుంటాయి. వేసవి మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదని నియమం ఉంది, మా దగ్గర ఆపేస్తారు కూడా. కానీ పొద్దున్న తొమ్మిదికే ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నా వయసు వాళ్లు అక్కడికి పోయి రెండు వేసవులు దాటడం నేను చూడలేదు. పని చెయ్యలేకపోతున్నాడని ఆఫీసుకి రాసి పంపుతారు. ఇఖామా, అంటే మమ్మల్ని ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, గడువు తీరాక మళ్లీ రెన్యూ కాదు. నాకు యాభై ఆరు. ఇంకో నాలుగేళ్లు ఈ రేకు కప్పు కింద గడిస్తే చాలనుకునేవాణ్ణి.

నా బొటనవేళ్లు మాత్రం అంతదాకా ఆగలేదు. మూడేళ్ల కిందట కుడివేలి మొదట్లో నొప్పి మొదలైంది, ఆర్నెల్లకి ఎడమది కూడా అందుకుంది. క్లినిక్‌లో డాక్టరు ఎక్స్‌రే తీయించి, కీలు అరిగిపోయింది, బరువులు మానెయ్ అన్నాడు. టైల్సు గోడౌన్‌లో పనిచేసేవాడికి చెప్పే మాటేనా అది. బరువు ఎలాగో రెండు అరచేతులతో మోసేవాణ్ణి. చిటికెడు పట్టు మాత్రం పోయింది. నీళ్ల సీసా మూత రాదు, చొక్కా గుండీ పట్టదు. మామూలు మడత చాకు తెరవాలంటే అలుగు, అంటే బ్లేడు, మీదున్న గాటులో గోరు దూర్చి లాగాలి. అది కూడా రాదు.

నా పక్క వరసలో పనిచేసేవాడు కడప వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఒకరోజు నేను చాకుతో కుస్తీ పట్టడం చూశాడు. తన చాకు తెరిచి నా ముందున్న పెట్టె మీద పెట్టాడు. నేను పట్టీలు కోసి మళ్లీ అక్కడే పెట్టాను. అతను తీసుకుని, మూసి, జేబులో వేసుకున్నాడు. మర్నాడూ అంతే. అలా రెండేళ్లు గడిచాయి.

ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. మాలో కత్తి చేతికివ్వరు. ఉప్పూ, ఎండుమిరపకాయలూ అంతే. చేతికిస్తే ఇద్దరికీ పడదంటారు. కింద పెడితే ఎదుటివాళ్లు తీసుకోవాలి. మా కోనసీమలోనూ అంతే, వాళ్ల కడపలోనూ అంతే. గోడౌన్‌లో ఉన్న తెలుగువాళ్లందరూ చాకు పెట్టె మీద పెట్టి తీసుకునేవాళ్లే. మేమిద్దరం చేసేది కూడా ఆ అలవాటు కిందే పోయింది. నా చేతులు పనికిరావన్న సంగతి అందరూ చూస్తుండగానే దాగింది.

అయినా దాచడం తేలిక కాదు. అతను మరుగుదొడ్డికి వెళ్తే కవరు విప్పుతున్నట్టు నటిస్తూ నిలబడాలి. అతనికి జ్వరమొచ్చి రాని రోజు నాకూ ఒంట్లో బాగాలేదని చెప్పాలి. సాయంత్రం బస్సెక్కేసరికి ఒళ్లంతా పిండేసినట్టుండేది. అందులో పని వల్ల ఎంతో, నటన వల్ల ఎంతో నాకే తెలిసేది కాదు.

ఈ ఏప్రిల్‌లో అతనికి మూడు నెలల సెలవు దొరికింది. ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాడు, స్లాబు వేసే సమయానికి దగ్గరుండాలని. టీ తాగేటప్పుడు అడిగాడు.

"మూడు నెల్లు ఏం జేస్తావన్నా?"

"కొత్త చాకు కొనుక్కుంటాను తమ్ముడూ. ఒంటిచేత్తో తెరుచుకునేవి ఉన్నాయి. బొటనవేలు లేకపోయినా పర్లేదు, మధ్యవేలితో తోసినా తెరుచుకుంటాయట. చదువుతున్నాను."

"కత్తి గురించి గూడా సదువుతారా ఎవరన్నా?"

"ఎందుకు చదవరు? ఇనుములో బొగ్గు పాళ్లు ఎంతుంటే..."

"సాల్లే అన్నా, టీ సల్లారిపోతాంది. ఈ శుక్రవారం నేనొస్తా, ఇద్దరం పోయి సూద్దాం."

"నువ్వు సామాన్లు సర్దుకోవయ్యా. చాకు కొనడానికి ఇద్దరెందుకు?"

నిజం చెప్పాలంటే, అతను రావడం నాకిష్టం లేదు. ఇది నాకు తెలిసిన విద్య అనుకున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి నేను. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. అక్కడ నాలుగు బీరువాలుండేవి. ఏది మంచిదో చెప్పేవాళ్లు లేక ఎడమ నుంచి కుడికి వరసగా చదువుకుంటూ పోయాను. వైద్యం, వ్యవసాయం, చరిత్ర, ఖగోళం, ఏది చేతికొస్తే అది. అందులో లోహాల మీద ఒక పాత పుస్తకం ఉండేది. గట్టి అంచు పెళుసుగా ఉంటుందనీ, మెత్తటి అంచు వంగిపోతుందనీ, కాల్చి చల్లార్చే పద్ధతిని బట్టి ఆ రెండూ కుదురుతాయనీ అందులో చదివాను. పాతికేళ్ల తర్వాత ఈ గోడౌన్‌లో ఒక ఇంజినీరు అదే మాట అంటే, తర్వాతి వాక్యం నేను చెప్పాను. ఆయన నావైపు తిరిగి చూశాడు. ఆ చూపు నాకు చాలా రోజులు గుర్తుంది.

అందుకని చాకు గురించి కూడా పద్ధతిగా చదివాను. రెండు వారాలు, పని నుంచి వచ్చాక, ఫోనులో. నోటు పుస్తకంలో రాసుకున్నాను. అలుగు అరచేతి వెడల్పు మించకూడదు. తుప్పు పట్టని ఉక్కు కావాలి, ఎందుకంటే ఆగస్టులో సముద్రం గాలీ చెమటా కలిసి మామూలు ఉక్కును నెలలో తినేస్తాయి. పిడి నున్నగా ఉండకూడదు. అలుగుకి పెద్ద రంధ్రం ఉండాలి, అందులో వేలు ఆనించి తోస్తే తెరుచుకోవాలి. తెరిచాక తనంతట తాను వేళ్ల మీదికి మూసుకుపోకుండా లోపల గట్టి లాకు ఉండాలి. ఆ చివరిదాని కింద రెండు గీతలు గీశాను.

శుక్రవారం సాయంత్రం అర్దియాలో ఒక పనిముట్ల షాపుకి వెళ్లాను. పెషావరు పెద్దాయన నడుపుతాడు. కావలసిన లక్షణాలన్నీ నా హిందీలో వరసగా చెప్తుంటే ఆయన కళ్లజోడు పైకి తోసుకుని విన్నాడు. అద్దాల బల్ల మీద ఆరు చాకులు పరిచాడు. గోడౌన్ నుంచి పట్టీ ముక్కలు జేబులో వేసుకెళ్లాను. ఒక్కొక్క చాకూ తీసుకోవడం, మధ్యవేలితో తెరవడం, పట్టీ కోయడం, బల్ల మీద పెట్టడం. ఆయన తీసుకుని మూసి పక్కన పెట్టేవాడు. నేను తర్వాతది అందుకునేవాణ్ణి.

నాలుగోది చేతిలో పెట్టుకోగానే తెలిసింది. నల్లటి పిడి, గరుకు గీతలు. వేలు తగిలిస్తే చాలు, టక్‌మని తెరుచుకుని నిలబడింది. నొప్పి లేదు. మళ్లీ చూశాను, మళ్లీ చూశాను. రెండేళ్ల తర్వాత నా చేత్తో నేనొక చాకు తెరిచాను. లాకు గట్టిదేనా అని అడిగితే పెద్దాయన అలుగు వీపు బల్లకేసి కొట్టి చూపించాడు. కదల్లేదు.

"మీరు ఇంజినీరా భాయీసాబ్?" అన్నాడు హిందీలో.

"కాదు. చదువుకున్నాను," అన్నాను.

శనివారం పొద్దున్న నా పక్క వరస ఖాళీగా ఉంది. అతను రాత్రే విమానం ఎక్కేశాడు. మొదటి బల్ల దగ్గర నిలబడి చాకు తీసి తెరిచాను. నాలుగు పట్టీలు నాలుగు వేట్లలో తెగాయి. కవరు నిలువునా చీల్చాను. తర్వాతి బల్లకి వెళ్దామని చాకు మూయబోయాను.

అది మూసుకోలేదు.

అలుగు పూర్తిగా తెరుచుకోగానే పిడి లోపలి నుంచి ఒక స్టీలు రేకు జరిగి దాని వెనక అడ్డం పడుతుంది. అదే లాకు. మూయాలంటే ఆ రేకును పక్కకి నెట్టి పట్టుకోవాలి. నెట్టాల్సింది బొటనవేలితో. నేను రెండు గీతలు గీసి మరీ కోరుకున్న గట్టి లాకు అది. చూపుడువేలితో నెట్టాను, జారింది. బల్ల అంచుకి ఆనించి నెట్టాను, కాలేదు. ఎడమచేత్తో తాళంచెవి పట్టుకుని దాంతో రేకు నెడితే ఒకసారి మూసుకుంది. రెండోసారి అలుగు జారి చూపుడువేలు గోరు పక్కన చీరింది.

వేలు చొక్కా అంచుకి అదిమి పట్టుకుని నిలబడ్డప్పుడు తట్టింది. షాపులో ఆరు చాకులు తెరిచాను. ఒక్కటీ మూయలేదు. తెరవడం, కోయడం, కింద పెట్టడం నా వంతు, తీసుకుని మూయడం అవతలివాళ్ల వంతు. రెండేళ్లుగా అలవాటైన చెయ్యి షాపులోనూ అదే చేసింది. చదివిన రెండు వారాల్లోనూ నేను తెరవడం గురించే చదివాను.

ఆ రోజు చాకు తెరిచే ఉంచి, రెండు పెట్టెల సందులో కవరు కప్పి దాచాను. అడుగు కదిపేముందు చాకు మూయాలి కాబట్టి, చాకును కదపకుండా బల్లల్నే దాని దగ్గరికి తెచ్చుకున్నాను. చేతిబండి మీద ఒక్కో బల్ల లాక్కొచ్చి, కోసి, మళ్లీ తీసుకెళ్లి చోటులో పెట్టడం. పదకొండు గంటలకి తొమ్మిది బల్లలే అయ్యాయి. పదో బల్ల లాగుతుంటే ఫోర్‌మన్ వచ్చి నిలబడ్డాడు. ఆయన మాతో మాట్లాడేది హిందీ, అరబ్బీ కలిపి. అర్థం కాకపోవడం ఉండదు.

"ఏంటీ అటూ ఇటూ? చాకు ఎక్కడ?"

కవరు తీసి చూపించాను. చెయ్యి చాచాడు. నేను మామూలుగా పెట్టె మీద పెట్టాను.

"చేతికియ్యవయ్యా. మీ వాళ్లంతా ఇంతే, నేనేదో అంటరానివాణ్ణయినట్టు."

"అలా కాదు ముదీర్. చేతికిస్తే గొడవలొస్తాయని మాలో నమ్మకం."

"ఇప్పుడు రాలేదా? సరే, మూసి చూపించు."

మూయడానికి చూశాను. ఆయన తొందరపెట్టలేదు. అదే కష్టంగా ఉంది. కేకలేసినా బాగుండేది. మూడోసారి వేళ్లు జారాక చాకు మళ్లీ పెట్టె మీద పెట్టేశాను.

"నా వల్ల కాదు ముదీర్. బొటనవేళ్లు పనిచెయ్యవు."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు."

"మరి ఇన్నాళ్లూ?"

నేను వేలికున్న నెత్తురు చొక్కాకి తుడుచుకున్నాను. ఆయన నా పక్కనున్న ఖాళీ వరసకేసి చూశాడు. అక్కడ ఇంకా విప్పని బల్లలు పేర్చి ఉన్నాయి. చాకు తీసుకుని, బొటనవేలితో రేకు నెట్టి, మూసి నాకు చాచాడు. నేను తీసుకోవడానికి తటపటాయించడం చూసి పెట్టె మీద పెట్టాడు.

"లోపల చాకు లేని పని నా దగ్గర లేదు. రేపటి నుంచి యార్డు. ఖలాస్."

ఆ సాయంత్రం కడప తమ్ముడే ఊరి నుంచి ఫోన్ చేశాడు. వెనక సిమెంటు కలిపే మిషను చప్పుడు వినబడుతోంది.

"ఎట్లుందన్నా కత్తి?"

జరిగింది చెప్పాను.

"మూసేది సూడకపోతివా అన్నా? అంత సదివి?"

"చూడలేదు."

"నేనొస్తానంటే వద్దంటివి."

"అన్నాను. నీ పేరు మాత్రం చెప్పలేదులే."

"సెప్పేదేముంది, ఆయనకు కండ్లు లేవా? నా సంగతి నేను సూసుకుంటాలే. నువ్వు నెత్తికి గుడ్డ కట్టుకో. నీల్లు తాగు. సదువుకుంటా కూసోవద్దు ఎండలో."

యార్డులో బరువు ఎత్తే పని నాకు ఇవ్వలేదు. అది ఫోర్‌మన్ దయో, ఎత్తలేనివాడితో ఎత్తిస్తే తనకే తలనొప్పి అనుకున్నాడో తెలియదు. వచ్చే లారీల్లో సరుకు చీటీతో సరిపోయిందో లేదో చూసి గుర్తు పెట్టడం నా పని. పెన్ను చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకోవడం నేర్చుకున్నాను. నీడకి ఒక రేకు ముక్క ఉంది, పదిన్నరకి ఆ నీడ గోడ అవతలికి పోతుంది. మొదటి వారం దుమ్ముకి దగ్గు పట్టుకుంది. సాయంత్రానికి కళ్ల ముందు తెల్లగా కనబడేది. అయితే బస్సులో కూర్చోగానే నిద్ర పట్టేసేది. లోపల పనిచేసిన రెండేళ్లలో అలా ఒక్కరోజూ నిద్ర పట్టలేదు. అలసట తగ్గి కాదు. నటించే పని లేక.

జులై చివర్లో కడప తమ్ముడు తిరిగొచ్చాడు. తన వరసలోకే వెళ్లాడు, ఫోర్‌మన్ ఏమీ అనలేదట. మధ్యాహ్నం పని ఆపినప్పుడు నా దగ్గరికొచ్చి కూర్చుంటాడు. కొత్త ఇంటి ఫోటోలు చూపిస్తాడు.

నా ఇఖామా పోయిన నెలలో గడువు తీరింది. కాగితాలు ఆఫీసుకి వెళ్లి పదిహేను రోజులు వెనక్కి రాలేదు. పదహారో రోజు రెన్యూ అయి వచ్చాయి, ఒక ఏడాదికి. కార్డు ఫోర్‌మనే తెచ్చి లారీ చీటీల మీద పెట్టి వెళ్లాడు. వచ్చే ఏడాది సంగతి ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. అవతల ఇంకో లారీ వచ్చి ఆగింది. చీటీ తీసుకుని ఎండలోకి నడిచాను.